గురి కుదిరేదెలా? ఆన్‌లైన్ షూటింగ్ ఆటల్లో కొత్తవారికి కొన్ని పాఠాలు

వార్షికోత్సవ సంచిక అంటే పోటీ పరీక్షల మెలకువలు, ఆరోగ్య సూత్రాలు, ఉద్యోగావకాశాల మీద వ్యాసాలు ఉండడం ఆనవాయితీ. వాటి మధ్య తుపాకుల ఆట మీద పాఠం ఏమిటని వార్డెన్ గారు కళ్లద్దాలు సవరించుకోవచ్చు. అయినా రాస్తున్నాం. మన హాస్టల్‌లో చదువు పూర్తిచేసి కోర్సుల కోసం, ఉద్యోగాల కోసం మాదాపూర్ వచ్చే ప్రతి బ్యాచ్‌లోనూ నలుగురైదుగురు ఈ ఆటల దగ్గర చేరుతున్నారు. నెల తిరక్కుండా వాళ్లలో కొందరు "ఇది ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకే వస్తుంది, మనకెక్కడ వస్తుంది" అని మానేస్తారు. మిగిలినవాళ్లు రాదు రాదు అంటూనే జేబు ఖాళీ అయ్యేదాకా కూర్చుంటారు. ఎలా నేర్చుకోవాలో చెప్పేవాళ్లు లేకనే ఈ రెండూ జరుగుతున్నాయని మా అభిప్రాయం.

స్కూలు తమ్ముళ్లకు ముందుగానే ఒక మాట. మేము ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న కౌంటర్-స్ట్రైక్ ఆటకు అమెరికాలోని రేటింగ్ బోర్డు 17 ఏళ్లు దాటినవారికే అని గుర్తు వేసింది. చదవండి, తప్పు లేదు. ఆడడానికి ఇంకా టైముంది. అంతవరకు హాస్టల్ వెనక కబడ్డీ కోర్టు ఎటూ పోదు. ఈ పాఠంలో సగం అక్కడ నేర్చుకోవచ్చని కింద మీకే తెలుస్తుంది.

ఈ ఆటలకు, మాదాపూర్‌కు దాదాపు ఒకే వయసు. సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. మరుసటి ఏడాది, 1999లో, మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు హాఫ్-లైఫ్ అనే ఆటను సవరించి కౌంటర్-స్ట్రైక్ తయారు చేశారు. 2000లో వాల్వ్ కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. 2003లో వచ్చిన 1.6 రకం మన నెట్ సెంటర్లలో పాతుకుపోయింది. అప్పుడు ఇంటర్నెట్ నత్తనడకన నడిచినా ఇబ్బంది లేదు. గదిలోని కంప్యూటర్లన్నీ కేబుళ్లతో ఒక పెట్టెకు కలిపితే చాలు, ఆట నడిచేది. చంపినవాడు, చచ్చినవాడు పక్కపక్క కుర్చీల్లోనే ఉండేవారు కాబట్టి తగాదాలు కూడా అక్కడికక్కడే తీరిపోయేవి. 2018లో పబ్‌జీ ఫోన్లలోకి వచ్చి ఆటను నెట్ సెంటర్ నుంచి మంచం మీదికి తెచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో తిరిగొచ్చింది. ఈలోగా 2020లో వాలరెంట్, 2023 సెప్టెంబరులో కౌంటర్-స్ట్రైక్ 2 వచ్చాయి. పేర్లు మారుతుంటాయి. నేర్చుకోవాల్సిన విద్య మాత్రం పెద్దగా మారలేదు. ఒక ఆటలో కుదిరిన చేయి రెండో ఆటలో వారం రోజుల్లో కుదురుతుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. మనకు, ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడికి తేడా తెలివిలో లేదు, గంటల్లో ఉంది. వాడు రోజుకు నాలుగు గంటలు ఆడగలడు. అయ్యప్ప సొసైటీ చుట్టుపక్కల గదుల్లో ఉంటున్న మా ఎనిమిది మందికి దొరికేది ఆదివారం పొద్దున రెండు గంటలు. కేఫ్‌లో గంట ఆట ఒక పూట భోజనం ఖర్చు. అందువల్ల వాడు ఆడినట్టు మనం ఆడితే ఎప్పటికీ వాడి వెనకే ఉంటాం. మన గంటను మనం వేరుగా వాడుకోవాలి. ఎక్కువమంది కొత్తవారు కుర్చీలో కూర్చోగానే మ్యాచ్‌లోకి దూకుతారు. మ్యాచ్‌లో ఒక రౌండులో చస్తే ఆ రౌండు అయ్యేదాకా చూస్తూ కూర్చోవాల్సిందే. గంటలో సగం చూడడానికే పోతుంది, డబ్బు మాత్రం పూర్తి గంటకు కడతాం. దీనికి బదులు మొదటి ఇరవై నిమిషాలు బాట్లతో, తర్వాతి ఇరవై నిమిషాలు డెత్‌మ్యాచ్‌లో ఆడండి. డెత్‌మ్యాచ్‌లో చచ్చిన వెంటనే మళ్లీ పుడతాం, కాబట్టి ఒక్క నిమిషం కూడా వృథా పోదు. మ్యాచ్ రెండో గంటలో ఆడుకోవచ్చు.

మౌస్, జామెట్రీ బాక్సు

కేఫ్‌లో ఆడేవాడికి ఉండే ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. ప్రతి వారం వేరే కుర్చీ, వేరే మౌస్. ఒక మౌస్ కొంచెం కదిపితే బొమ్మ గిర్రున తిరుగుతుంది, ఇంకోటి ఎంత తోసినా కదలదు. చేతికి అలవాటు ఎప్పటికి కుదరాలి? మౌస్ వేగం రెండు అంకెల మీద ఆధారపడుతుంది. మౌస్‌లో ఉండే డీపీఐ ఒకటి, ఆటలో పెట్టుకునే సెన్సిటివిటీ ఒకటి. రెండింటినీ గుణిస్తే వచ్చేది మన అసలు వేగం. 800 డీపీఐ మౌస్‌తో సెన్సిటివిటీ 1 పెడితే, కౌంటర్-స్ట్రైక్‌లో చుట్టూ ఒకసారి తిరగడానికి మౌస్ సుమారు 52 సెంటీమీటర్లు కదలాలి. అంటే పక్కకు తిరగడానికి, లంబకోణానికి, 13 సెంటీమీటర్లు.

కేఫ్ మౌస్ డీపీఐ ఎంతో కేఫ్ యజమానికే తెలియదు. అందుకని మేము జామెట్రీ బాక్సులోని 15 సెంటీమీటర్ల స్కేలు వెంట తీసుకెళ్తాం. ఆటలో ఒక గోడ మూలకు ఎదురుగా నిలబడి, స్కేలు పక్కన మౌస్‌ను 13 సెంటీమీటర్లు జరపాలి. సరిగ్గా పక్క గోడకు తిరిగితే సరే. ఎక్కువ తిరిగితే సెన్సిటివిటీ తగ్గించాలి, తక్కువ తిరిగితే పెంచాలి. రెండు నిమిషాల పని. మొదటిసారి స్కేలు తీసినప్పుడు పక్క కుర్చీలవాళ్లు నవ్వారు. మూడో వారం అదే స్కేలు అడిగి తీసుకున్నారు. 13 అనేది శాస్త్రం కాదు, 10 అయినా 16 అయినా ఫర్వాలేదు. ఒకసారి ఎంచుకున్నాక మార్చకూడదు, అంతే. కొత్తవారు ఓడిన ప్రతిసారీ సెన్సిటివిటీ మారుస్తుంటారు. రోజుకో పెన్నుతో రాస్తే దస్తూరి ఎలా కుదురుతుంది?

నేల చూపులు మానాలి

కొత్తవాడిని వెనక నిలబడి చూస్తే వెంటనే పట్టేయవచ్చు. తెర మధ్య ఉండే గురి గుర్తు, క్రాస్‌హెయిర్ అంటారు, ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. చీకట్లో పొలం గట్టు మీద పాము ఉంటుందేమోనని చూసుకుంటూ నడిచినట్టు నడుస్తాడు. శత్రువు కనిపించాక గుర్తును కాళ్ల దగ్గర నుంచి తల దాకా ఎత్తుతాడు. ఈలోగా పని అయిపోతుంది.

మనిషి కంటికి ఒకటి కనబడి, వేలు నొక్కడానికి సుమారు సెకనులో నాలుగో వంతు పడుతుంది. ఈ విషయంలో వయసులో ఉన్నవాళ్ల మధ్య తేడా చాలా తక్కువ. అలాంటప్పుడు అనుభవం ఉన్నవాడు ముందు ఎలా కాలుస్తున్నాడు? వాడి క్రాస్‌హెయిర్ ముందే తల ఎత్తులో, శత్రువు బయటికొచ్చే మూల దగ్గర ఉంటుంది. వాడు నొక్కితే చాలు. మనం జరిపి, ఆపి, సరిచేసి, అప్పుడు నొక్కాలి. వేగమైన చేయి అని మనం అనుకునేది చాలావరకు ముందు చూపే. ఇది నేర్చుకోవడానికి ప్రత్యర్థి కూడా అక్కర్లేదు. డస్ట్ 2 అనే మ్యాపు 2001 నుంచి ఉంది, ఇప్పటికీ ఆడుతున్నారు. అందులోకి ఒంటరిగా వెళ్లి, ఒక్క తూటా కూడా కాల్చకుండా పది నిమిషాలు నడవండి. ప్రతి మూల దగ్గరా "ఇక్కడ ఒకడు నిలబడితే తల ఎక్కడుంటుంది?" అని అడుగుతూ గుర్తును అక్కడే ఉంచండి. విసుగు పుట్టించే అభ్యాసమే. ఎక్కాలు కూడా అలాగే వచ్చాయి మనకు.

మూల తిరిగేటప్పుడు గోడకు అంటుకోకుండా కొంచెం దూరం జరిగి, కొద్దికొద్దిగా చూస్తూ తిరగాలి. ఒకేసారి బయటికి దూకితే మూడు చోట్ల నుంచి కనిపిస్తాం. కొద్దికొద్దిగా తిరిగితే ఒక్కొక్కరితోనే తలపడతాం.

ఆగి కాల్చాలి

పరుగెత్తుతూ కాలిస్తే ఈ ఆటలో తూటాలు ఎటు పడితే అటు పోతాయి. సినిమాల్లో హీరో పరుగెడుతూ పది మందిని కొడతాడు కాబట్టి మనం కూడా అదే చేస్తాం. కీబోర్డులో ఏ నొక్కితే ఎడమకు, డీ నొక్కితే కుడికి పోతాం. కుడికి పోతూ డీ వదిలేస్తే బొమ్మ వెంటనే ఆగదు, కొంచెం జారుతుంది. వదిలిన మరుక్షణం ఏ ఒక్కసారి తడితే టక్కున ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలోనే మొదటి తూటా పోవాలి. డీ, ఏ, కాల్పు. ఏ, డీ, కాల్పు. దీన్ని గోడకు ఎదురుగా నిలబడి తాళం వేసినట్టు సాధన చేయాలి. గోడ మీద గుర్తులు ఒకే చోట పడుతుంటే వచ్చినట్టు, చెల్లాచెదురుగా పడితే రానట్టు.

ఏకే-47లో 30 తూటాలుంటాయి. మీట నొక్కి పట్టుకుంటే మొదటివి పైకి ఎక్కుతాయి, తర్వాత ఒక పక్కకు, మళ్లీ రెండో పక్కకు పోతాయి. ఈ వరస దాదాపు ప్రతిసారీ ఒకటే. మొత్తం కంఠస్థం చేయాలని కూర్చోకండి. మొదటి పది తూటాలకు మౌస్‌ను మెల్లగా కిందికి లాగడం వస్తే ఆరు నెలల దాకా అదే సరిపోతుంది. దూరంగా ఉన్నవాడి మీద రెండు మూడు తూటాలు కాల్చి ఆగడం మేలు. ఏకే-47 తూటా ఒక్కటి తలకు తగిలితే హెల్మెట్ ఉన్నా లేవడు. కాబట్టి ముప్పై తూటాల మీద ప్రేమ తగ్గించుకుని మొదటి తూటా మీద శ్రద్ధ పెట్టాలి.

తుపాకీ కొనడానికి ఆటలోనే డబ్బు ఇస్తారు. మొదటి రౌండుకు 800 డాలర్లు, ఏకే ధర 2700. ఓడినా కొంత వస్తుంది, వరుసగా ఓడితే ఆ మొత్తం 1400 నుంచి మెల్లగా 3400 దాకా పెరుగుతుంది. ఇక్కడ కొత్త జట్లు చేసే పని ఒకటుంది. ఇద్దరు కొంటారు, ముగ్గురు దాచుకుంటారు. కొన్న ఇద్దరూ చస్తారు, మరుసటి రౌండులో దాచుకున్న ముగ్గురికే తుపాకులుంటాయి. కొంటే ఐదుగురూ కొనాలి, ఆగితే ఐదుగురూ ఆగాలి. గదిలో ఐదుగురు కలిసి గ్యాస్ సిలిండర్ కొనే లెక్క మనకు బాగా తెలుసు. ఇదీ అదే.

నోరు తెరవాలి

మన పిల్లలు అన్నిటికంటే వెనకబడేది ఇక్కడ. గురి నాలుగు వారాల్లో కుదురుతుంది. మైకులో మాట్లాడడం నాలుగు నెలలైనా రాదు. ముక్కూ మొహం తెలియని నలుగురితో ఆట మొదలవుతుంది. వాళ్లు ఇంగ్లీషులోనో, హిందీలోనో గబగబా మాట్లాడుతుంటారు. మన యాస విని ఒకడు వెక్కిరిస్తాడు. అంతే, ఆ రోజు నుంచి మైకు బంద్. ఇంటర్వ్యూ గదిలో నోరు పెగలకపోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కారణం కూడా ఒకటే.

ఆటకు కావలసింది ఇంగ్లీషు కాదు. ఎక్కడ, ఎందరు, ఏ తుపాకీ, ఎంత దెబ్బ తిన్నాడు. ఈ నాలుగే. "లాంగ్‌లో ఇద్దరు, ఒకడికి స్నైపర్" అంటే చాలు, ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. చోటు పేరు ముందు రావాలి. "అరే, వాడు నన్ను ఎలా కొట్టాడురా, నేను చూడనే లేదు" అని చచ్చినవాడు మొత్తుకుంటే, బతికున్న నలుగురికీ అడుగుల చప్పుడు వినబడకుండా పోతుంది. ఈ ఆటలో చెవి రెండో కన్ను. పరుగెత్తేవాడి అడుగులు గోడ అవతల నుంచి కూడా వినిపిస్తాయి. షిఫ్ట్ నొక్కి నడిచేవాడివి వినిపించవు. కాబట్టి చచ్చాక ఒక వాక్యం చెప్పి మౌనం పాటించాలి. వెక్కిరించేవాడిని మ్యూట్ చేసే బొత్తం ఉంది. వాడికి జవాబు చెప్పే పని పెట్టుకోవద్దు.

మేము మాత్రం ముందు మనవాళ్లు ఐదుగురూ కలిసి తెలుగులో ఆడడం మొదలుపెట్టాం. డస్ట్ 2లో ప్రతి చోటుకూ మన పేర్లు పెట్టుకున్నాం. బీ వైపు సొరంగం మాకు స్టోర్‌రూము. షార్ట్ దారి గట్టు. లాంగ్ చివర ఉండే పల్లం గుంత. "స్టోర్‌రూములో ముగ్గురు" అని వినగానే ఎవరికీ ఆలోచించే పనిలేదు. కేఫ్‌లో అవతలి వరసలోవాళ్లకు మేము ఏమంటున్నామో అంతుపట్టదు, అదొక అదనపు లాభం. మాలో ఒక తమ్ముడికి గురి అసలు కుదరదు. స్కోరు పట్టికలో ఎప్పుడూ అందరికంటే కిందే ఉంటాడు. కానీ వాడు లేని రోజు మేము ఓడిపోతాం. ఎవరు ఎక్కడున్నారు, బాంబు పెట్టి ఎంతసేపయింది, పేలడానికి ఇంకెన్ని సెకన్లు, అన్నీ లెక్కపెట్టి చెబుతాడు. బాంబు పెట్టాక పేలడానికి 40 సెకన్లు. దాన్ని తీయడానికి ఉత్త చేతులతో 10 సెకన్లు, కిట్ ఉంటే 5. ఈ లెక్క నోటితో చెప్పేవాడు ఒకడుంటే మిగతా నలుగురి కళ్లు తెర మీదే ఉంటాయి. తెలుగులో అలవాటైన ఆ నోరే తర్వాత తెలియనివాళ్లతో ఆడేటప్పుడు కూడా పనిచేసింది. మాటలు మారాయి, బెరుకు మాత్రం మళ్లీ రాలేదు.

కలిసి కదలడం గురించి మాకు పాఠం చెప్పింది కబడ్డీయే. రైడర్‌ను ఒక్కడే పట్టబోతే పాయింటు పోతుంది. పక్కవాడు అదే క్షణంలో నడుం పట్టాలి. ఇక్కడ కూడా మీ ముందున్నవాడు పడిపోతే, వాడిని కొట్టినవాడు తుపాకీ తిప్పుకునేలోపు మీరు కొట్టేంత దగ్గరలో ఉండాలి. ఒకరికి ఒకరు పోతే లెక్క సమానం. ఒక్కొక్కరూ విడివిడిగా వెళ్లి చస్తే, ఐదుగురు ఐదుసార్లు ఒంటరిగా ఆడినట్టే.

చావుల పుస్తకం

ఒక పాత నోటుబుక్కు తీసుకోండి. మ్యాచ్ అయ్యాక ఐదు నిమిషాలు, ఏ చోట చచ్చారు, ఎవరు ముందు చూశారు, ఎందుకు చచ్చారు అని ఒక్కో చావుకు ఒక్క లైను రాయండి. "వాడికి అదృష్టం", "ఇంటర్నెట్ బాగాలేదు" అని రాయకూడదు. నెల తర్వాత తిరగేస్తే తెలుస్తుంది. కొందరు ఎప్పుడూ తూటాలు నింపుకుంటూ చస్తారు. కొందరు ఒకసారి చచ్చిన మూల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లి చస్తారు. వచ్చే ఆదివారం ఏం సాధన చేయాలో ఆ పుస్తకమే చెబుతుంది. ఒక వారానికి ఒక్క లోపం చాలు.

ఇంటర్నెట్ మాట వచ్చింది కాబట్టి పింగ్ గురించి. మన కంప్యూటర్ నుంచి సర్వర్‌కు కబురు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్ నేరుగా 620 కిలోమీటర్లు, సింగపూర్ సర్వర్ 3,300 కిలోమీటర్లు. లెక్క కడితే ముంబైకి పోయి రావడానికి 6 మిల్లీసెకన్ల పైన, సింగపూర్‌కు 33 పైన కనీసం పట్టాలి. కేబుళ్లు వంకర టింకరగా పోతాయి, మధ్యలో యంత్రాలుంటాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకని సెట్టింగుల్లో దగ్గరి సర్వరే ఎంచుకోవాలి. పీజీ హాస్టల్ వైఫైలో రాత్రి పది గంటలకు అందరూ సినిమాలు చూస్తున్నప్పుడు ఆడి, తనకు ఆట రాదని ఎవరూ బాధపడనక్కర్లేదు. తెల్లవారుజామున ఆడి చూడండి.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు: బీజీఎంఐలో కూడా తల ఎత్తులో గురి, ఆగి కాల్చడం, అడుగుల చప్పుడు, అన్నీ ఇవే. తేడా ఏమిటంటే అక్కడ 100 మంది 8 కిలోమీటర్ల పొడవు, వెడల్పు ఉన్న మైదానంలో దిగుతారు. జనం గుంపుగా దిగే చోట దిగి నిమిషంలో చస్తే నేర్చుకునేది ఏమీ ఉండదు, ఊరి చివర దిగితే పావుగంట సేపు ఎవరూ కనబడరు. గుంపుకు కొంచెం పక్కన దిగండి. తుపాకీ అదుపు కోసం ట్రైనింగ్ గ్రౌండులో రోజుకు పది నిమిషాలు చాలు.

డబ్బు విషయంలో కొంచెం కఠినంగానే చెబుతాం. తుపాకీ మీద వేసుకునే రంగుల స్కిన్‌లు గురిని పెంచవు. వాటికోసం లోన్ యాప్‌ల దగ్గరికి పోయినవాళ్లను చూశాం. మ్యాచ్‌ల మీద పందాలు, రమ్మీ, డబ్బులు కట్టి ఆడే యాప్‌లు వేరే సంగతి, వాటిని దీనితో కలపవద్దు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం వేరుగా గుర్తించింది. రెండు మ్యాచ్‌లు వరుసగా ఓడితే ఆ రోజుకు లేచిపోవాలని మాలో ఒక నియమం ఉంది. మూడోది కోపంతో ఆడతాం, కోపంతో ఆడిన గంటకు కూడా కేఫ్‌వాడు డబ్బు తీసుకుంటాడు. పరీక్షలున్న నెలలో స్కేలు జామెట్రీ బాక్సులోనే ఉంటుంది.

కేఫ్ కంప్యూటర్‌లో స్టీమ్ ఖాతా తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకో అన్న చోట టిక్ ఉంటే తీసేయండి. ఫోన్‌కు కోడ్ వచ్చే స్టీమ్ గార్డ్ పెట్టుకోండి. చీటింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లో తెలియక కూర్చుంటే ఖాతా శాశ్వతంగా బ్యాన్ కావచ్చు, కాబట్టి తెలిసిన కేఫ్‌కే వెళ్లండి. టైము అయిపోగానే లాగౌట్ కొట్టి, హెడ్‌ఫోన్ కొక్కేనికి తగిలించి, స్కేలు జేబులో పెట్టుకుని లేవండి. మేము ఆదివారం తొమ్మిది నుంచి పదకొండు దాకా అక్కడే ఉంటాం. ఐదో కుర్చీ ఖాళీగా ఉన్న వారాలు చాలానే ఉంటాయి.